వైరు పెడితే పుస్తకం ఎక్కాలి

శ్రోతలకు నమస్కారం.

2006లో సోనీ సంస్థ అమెరికాలో పీఆర్‌ఎస్-500 అనే ఈ-రీడర్‌ను, అంటే ఈ-పుస్తకాలు చదివే పరికరాన్ని, అమ్మకానికి పెట్టింది. చూడటానికి చిన్న పలకలా ఉంటుంది, ఎంతసేపు చదివినా కళ్లు గుంజవు. కానీ అందులోకి పుస్తకం ఎక్కించాలంటే సోనీ సాఫ్ట్‌వేరే కావాలి. అది విండోస్‌లో మాత్రమే నడిచేది.

అప్పుడు కాలిఫోర్నియాలో చదువుకుంటున్న కోవిద్ గోయల్ అనే భారతీయ విద్యార్థి లినక్స్ వాడేవాడు. అది కూడా విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ. డబ్బు పెట్టి కొన్న రీడర్‌ని తన కంప్యూటర్ గుర్తుపట్టలేదు. అతను ఊరుకోలేదు. యూఎస్‌బీ వైరులో ఆ పరికరం ఏ భాషలో మాట్లాడుతోందో పట్టుకుని, సొంతంగా ప్రోగ్రాం రాసుకున్నాడు. అదే తర్వాత ఈ-పుస్తకాలను సర్దుకుని రీడర్‌లోకి ఎక్కించే క్యాలిబర్ అనే ప్రోగ్రాం అయింది. ఇవాళ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉచితంగా దొరుకుతుంది. సోనీ మాత్రం మ్యాక్ వాళ్లకు సాఫ్ట్‌వేర్ ఇచ్చేసరికి 2009 వచ్చింది. ఒక విద్యార్థి చేసిన పని అంత పెద్ద సంస్థకు ఎందుకు కుదరలేదు?

లినక్స్ వాడేవాళ్లు కొద్దిమందే, వాళ్ల కోసం అంత ఖర్చు పెట్టలేమని తయారీదారులు అంటారు. ఖర్చు మాట నిజమే. కానీ కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు నేర్చుకునేది లినక్స్ మీదే. ఆ పిల్లలు రేపటి పాఠకులు కారా?

పోనీ, ప్రతి కంప్యూటర్‌కూ సాఫ్ట్‌వేర్ రాయకపోయినా ఫర్వాలేదు. రీడర్ పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటే చాలు. 2007లో వచ్చిన సోనీ పీఆర్‌ఎస్-505 అలాగే తెరుచుకునేది. అమెజాన్ వాళ్ల ఈ-రీడర్లయిన కిండిల్స్‌లో పాతవి కూడా అంతే. వైరు పెడితే తెర మీద కిండిల్ అని కనిపిస్తుంది, లోపల డాక్యుమెంట్స్ ఫోల్డర్. ఫైలు లాగి అందులో వేస్తే పని అయిపోయింది. ఏ కంప్యూటర్ అన్న ప్రశ్నే లేదు.

ఇప్పుడు ఆ సుఖం కూడా పోతోంది. కొత్త కిండిల్స్‌ను మ్యాక్ తనంతట తాను గుర్తుపట్టదు, వేరే ప్రోగ్రాం వేసుకోవాలి. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని వైరుతో ఎక్కించుకునే వీలును అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తీసేసింది. కిండిల్ లోపల నడిచేదే లినక్స్, అయినా లినక్స్ కంప్యూటర్లకు కిండిల్ యాప్ ఇప్పటికీ లేదు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

బ్యాటరీ ఎన్ని వారాలు వస్తుందో పెద్ద అక్షరాల్లో చెబుతారు కదా. ఏయే కంప్యూటర్లతో కలుస్తుందో కూడా అంతే పెద్దగా చెప్పాలి. కొనే ముందు మీరూ ఆ మాట అడగండి.

నమస్కారం.