కాఫీ కొరతలో కనిపించిన తూర్పు జర్మనీ

సభకు నమస్కారం.

కాఫీపొడిలో చికోరీ ఎంత వంతు ఉండాలన్నది మన ఇళ్లలో ఎప్పటికీ తెగని తగవు. 1977 వేసవిలో, కమ్యూనిస్టుల పాలనలో ఉన్న తూర్పు జర్మనీలో దాదాపు ఇదే తగవు ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య వచ్చింది. ఆ దేశంపై చరిత్ర పరిశోధన గత రెండు మూడు దశాబ్దాల్లో ఏ మలుపు తిరిగిందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. అందుకే ఈ సాయంత్రం బెర్లిన్ గోడను పక్కన పెట్టి కాఫీ గురించే మాట్లాడతాను.

రెండు జర్మనీలు ఏకమయ్యాక, 1991 చివర్లో వచ్చిన చట్టంతో స్టాసీ అనే రహస్య పోలీసు శాఖ దస్త్రాలు జనానికి అందుబాటులోకి వచ్చాయి. వరుసగా పేర్చితే 111 కిలోమీటర్ల పొడవుండే ఆ కాగితాల ముందు కూర్చున్న చరిత్రకారులు, మొదటి దశాబ్దమంతా ఎవరు ఎవరిమీద నిఘా పెట్టారు, ఎవరి మాటను ఎవరు పైకి చేరవేశారు అన్న ప్రశ్నల చుట్టూనే తిరిగారంటే ఆశ్చర్యం లేదు. 1989 నాటికి ఆ శాఖలో పూర్తికాలపు ఉద్యోగులే దాదాపు 91,000 మంది. అయితే మేరీ ఫుల్‌బ్రుక్, థామస్ లిండెన్‌బెర్గర్ వంటివారు మరో ప్రశ్న వేశారు: నలభై ఏళ్లు అక్కడే పిల్లలను పెంచి, ఉద్యోగాలు చేసి, దుకాణాల ముందు బారులు తీరిన మనుషులు ఆ పాలనతో రోజూ ఎలా నెగ్గుకొచ్చారు? కాఫీ కథకు విలువ వచ్చింది ఈ ప్రశ్నతోనే.

1975లో గడ్డకట్టే చలికి బ్రెజిల్ కాఫీ తోటలు మాడిపోయాయి, ప్రపంచ మార్కెట్లో ధర ఆకాశానికంటింది. మామూలు రోజుల్లో కాఫీకి ఏడాదికి సుమారు 15 కోట్ల పశ్చిమ జర్మనీ మార్కుల విలువైన విదేశీ మారకద్రవ్యం ఖర్చు పెట్టే తూర్పు జర్మనీకి, 1977లో దాదాపు 70 కోట్లు అవసరమయ్యాయి. పాలకులు చౌక రకాన్ని దుకాణాల్లోంచి తీసేసి, 51 శాతం మాత్రమే కాఫీ ఉన్న 'కాఫీ-మిక్స్' అనే పొడిని దించారు. మిగిలిన 49 శాతం చికోరీ, రై గింజలు, చక్కెర బీటు, బఠాణీ వగైరా. హోటళ్లలో ఆ బఠాణీ పిండి వేడికీ ఒత్తిడికీ ముద్దకట్టి కాఫీ యంత్రాల జల్లెడలు పూడుకుపోయాయి. పశ్చిమ జర్మనీలో పేరున్న 'క్రోనుంగ్' కాఫీని తలపించేలా, దేశాధినేత ఎరిక్ హోనెకర్ పేరు తగిలించి జనం ఈ పొడిని 'ఎరిక్స్ క్రోనుంగ్' అన్నారు. తెలుగులో చెప్పాలంటే, ఎరిక్ గారి పట్టాభిషేకం.

ఇక ఊరూరి నుంచీ అర్జీలు వెల్లువెత్తాయి. అర్జీ పెట్టుకునే హక్కు అక్కడ కాగితం మీది ముచ్చట కాదు. 1975 నాటి చట్టం ప్రకారం అధికారులు నాలుగు వారాల్లోపు జవాబివ్వాలి. జనం గొణుగుడును స్టాసీ కూడా నివేదికలుగా రాసి పైకి పంపింది. నిఘా కోసం రాసుకున్న ఆ కాగితాన్నే ఈనాటి పరిశోధకుడు పౌరుడి గొంతు వినడానికి చదువుతున్నాడు. చివరకు పాలకులు వెనక్కి తగ్గారు, ఆ పొడి కనుమరుగైంది.

ఇలాంటి చరిత్ర నియంతృత్వానికి తీపి పూత పూస్తోందన్న విమర్శ లేకపోలేదు. చరిత్రకారుడు మార్టిన్ సబ్రో అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 2006లో ప్రదర్శనశాలల్లో నిత్యజీవితానికీ చోటివ్వాలని సిఫారసు చేసినప్పుడు పెద్ద దుమారమే రేగింది. విమర్శకుల భయం అర్థం చేసుకోదగ్గదే గానీ, నా మటుకు నాకు ఆ అర్జీలు చదివితే తీపి తగలదు. అర్జీ ఎప్పుడూ ఒంటరి మనిషి విన్నపమే. జవాబు కూడా ఆ ఒక్కరికే వస్తుంది, పక్కింటివాళ్లతో కలిసి సంఘం కట్టడానికి అందులో దారి లేదు. నాలుగు వారాల్లో మర్యాదగా జవాబిచ్చే ప్రభుత్వం, సరైన ఎన్నిక ఒక్కటి మాత్రం జరపదు. ఈ రెండూ ఒకే పాలనలో ఎలా ఇమిడాయన్నదే అసలు ప్రశ్న.

కొరత తీర్చిన మరో దారి పార్శిళ్లు. పశ్చిమాన ఉన్న బంధువులు పండుగలకు పంపే పెట్టెల మీద 'బహుమతి, అమ్మకపు సరుకు కాదు' అని రాయాల్సి ఉండేది. లోపల తప్పకుండా ఒక కాఫీ పొట్లం. దేశంలో తాగే కాఫీలో దాదాపు అయిదో వంతు ఆ పొట్లాలదే అంటారు.

ఆండ్రూ క్లోయిబర్ వంటి ఇటీవలి చరిత్రకారులు ఈ కథను సరిహద్దులు దాటించారు. పశ్చిమ మార్కులు లేక తూర్పు జర్మనీ ఇథియోపియాకు ఆయుధాలిచ్చి కాఫీ తెచ్చుకుంది. 1980లో వియత్నాంతో ఒప్పందం కుదుర్చుకుని, దక్ లక్ ఎత్తయిన భూముల్లో తోటలు వేయించింది. యంత్రాలు, నిపుణులు, ఒక జలవిద్యుత్ కేంద్రం సమకూర్చింది. బదులుగా వచ్చే పంటలో సగం ఇరవై ఏళ్లపాటు తనకు రావాలి. జర్మన్ దస్త్రాల్లో సోదర సహకారంగా కనిపించే ఈ ఒప్పందం, ఆ కొండల్లో తరతరాలుగా బతికిన తెగల భూములకు ఏం చేసిందన్నది వియత్నాం వైపు నుంచి కూడా అడగవలసిన ప్రశ్న.

కాఫీ మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తోటలు చేతికొచ్చేసరికి 1990 వచ్చేసింది. పంటలో సగం అందుకోవలసిన దేశం ఆ అక్టోబరులో పటం మీద లేకుండా పోయింది. తోటలు మాత్రం పెరిగాయి. నేడు కాఫీ పండించడంలో బ్రెజిల్ తర్వాతి స్థానం వియత్నాంది, ఆ కాఫీని ఎక్కువగా కొనే దేశాల్లో జర్మనీ ముందు వరుసలో ఉంది.