భారతం మిట్ట మీద డార్త్ వేడర్: ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ చివర తెలిసినా ఎందుకు ఏడిపిస్తుంది?

[తెర: చిత్తూరు పక్క పల్లె. మట్టితో చేసిన దుర్యోధనుడు నేల మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. చుట్టూ జనం. కాసేపు డప్పుల చప్పుడే, మాట లేదు.]

ఈ బొమ్మ ఎవరిదో చిత్తూరు, తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఒక్క నిమిషం. మా వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో భారతం జరుగుతుంది. చాలా ఊళ్లలో 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ఆఖరున దుర్యోధన వధ. ఈ మట్టి బొమ్మ చుట్టూ భీముడి వేషం, దుర్యోధనుడి వేషం గదలు పట్టుకుని పరుగులు పెడతాయి. ఆ తర్వాత నిప్పుల గుండం తొక్కుతారు.

కథ తెలియని మనిషి అక్కడ ఒక్కడూ ఉండడు. తొడ విరుగుతుందని పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. అయినా బండ్లు కట్టుకుని వస్తారు. ఎందుకు?

నా చిన్నప్పుడు ఒక రాత్రి అభిమన్యుడి నాటకం. వేషం కట్టిన కుర్రోడు నవ్వుకుంటూ స్టేజీ ఎక్కాడు. పద్మవ్యూహం ఊసు కూడా ఇంకా రాలేదు. పక్కన మా అవ్వ అప్పుడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకా ఏమీ కాలేదు కదవ్వా, ఎందుకు ఏడుస్తావు?" అన్నాను. అవ్వ నా వైపు తిరగలేదు. "వాడికి తెలీదు గదరా" అంది.

[తెర: నలుపు. ఊపిరి శబ్దం. లోపలికి, బయటికి.]

నమస్తే. తిరుపతిలో మా మిద్దె మీద గదిలోంచి మాట్లాడుతున్నాను. కిటికీలోంచి కొండ మీద దారి దీపాలు కనిపిస్తున్నాయి, చూడండి. ఈ వీడియోలో స్టార్ వార్స్ అనే హాలీవుడ్ అంతరిక్ష సినిమాల వరుసలో మూడో ఎపిసోడ్, ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ సంగతి మాట్లాడుకుందాం. కథంతా చెప్పేస్తాను. చూడనివాళ్లు కోప్పడకండి. నా లెక్క ప్రకారం ఈ సినిమాను కథ తెలిసి చూడటమే మేలు. ఎందుకో చెప్తాను.

[తెర: ఆరు సినిమాల పోస్టర్లు, విడుదలైన ఏళ్లతో]

ముందు ఈ నంబర్ల గొడవ తేల్చేద్దాం. 1977, 1980, 1983లో వచ్చినవి 4, 5, 6 ఎపిసోడ్లు. 1999, 2002, 2005లో వచ్చినవి 1, 2, 3. అంటే ముందు వచ్చిన సినిమాల్లో ఉన్నది తర్వాత జరిగే కథ, తర్వాత వచ్చిన వాటిలో ఉన్నది ముందు జరిగిన కథ. నల్ల ముసుగు వేసుకుని బుసబుసమని ఊపిరి తీసే డార్త్ వేడర్, హీరో ల్యూక్‌కు తండ్రి అని 1980లోనే చెప్పేశారు. ఆ తండ్రి ఒకప్పుడు అనాకిన్ స్కైవాకర్ అనే మంచి కుర్రాడు. వాడు వేడర్ ఎలా అయ్యాడో చెప్పేది 2005 మేలో వచ్చిన ఈ సినిమా. అంటే ప్రేక్షకుడు టికెట్ కొనడానికి పాతికేళ్ల ముందే క్లైమాక్స్ లీక్ అయిపోయింది. లీక్ చేసింది దర్శకుడు జార్జ్ లూకాసే.

నేను మాత్రం ఏమీ తెలియకుండా చూశాను. తిరుపతిలో ఇంటర్ చదివే రోజులు. హాస్టల్లో ఒక అన్న దగ్గర కంప్యూటర్ ఉండేది. సీడీ వేశాడు. థియేటర్లో కెమెరా పెట్టి తీసిన ప్రింట్, మధ్యలో ఎవడో లేచి నిలబడితే వాడి తల కూడా కనిపిస్తుంది. దానికి ముందు వచ్చిన ఐదు సినిమాల్లో ఒక్కటీ చూడలేదు. చివర్లో కాలిపోయిన హీరోకు ముసుగు తొడుగుతుంటే నేను అడిగిన ప్రశ్న ఇదీ: "అన్నా, వీడు ఇప్పుడు రోబోనా?"

గదిలో అందరూ నవ్వారు. ఫైట్లు బాగున్నాయి, కథ అర్థం కాలేదు అనుకుని వెళ్లి పడుకున్నాను. కొన్నేళ్ల తర్వాత పాత మూడూ చూసి, మళ్లీ దీని దగ్గరికి వచ్చాను. అప్పుడు మొదటి పది నిమిషాల్లోనే, అనాకిన్, అతని గురువు ఓబీ-వాన్ చెరో విమానంలో జోకులేసుకుంటూ యుద్ధంలోకి దూసుకెళ్తుంటే, నా గొంతు పట్టేసింది. అవ్వ మాట గుర్తొచ్చింది. వాడికి తెలీదు గదరా.

ఈ సినిమా ఎక్కడెక్కడ ‘మీకు తెలుసు, వాడికి తెలీదు’ అన్న దాని మీద నమ్మకం పెట్టుకుందో అక్కడల్లా గొప్పగా ఉంటుంది. నమ్మకం చాలక విడమర్చి చెప్పబోయిన చోటల్లా బోర్లా పడింది.

[తెర: నాటకశాల. గాలిలో తేలే నీటి గోళం, దాని చుట్టూ నీలి వెలుగు]

గొప్పగా ఉన్న చోటు ముందు చూద్దాం. అనాకిన్‌కు రహస్యంగా పెళ్లయింది. భార్య పాడ్మే గర్భవతి. కాన్పులో ఆమె చనిపోతున్నట్టు కల వస్తోంది. ఇంతకుముందు సినిమాలో తల్లి గురించి ఇలాంటి కలే వచ్చి నిజమైంది. కాబట్టి ఇది ఉత్త కల కాదని అతని భయం. అతను జెడై, అంటే శాంతిని కాపాడే యోధుల సంఘం మనిషి. ఆ సంఘం పెద్దాయన యోడా దగ్గరికి వెళ్తాడు. పెళ్లి సంగతి దాచి, నా వాళ్లెవరో చనిపోతారని భయంగా ఉంది అంటాడు. యోడా ఏమంటాడు? పోతుందని భయపడేదాన్నే వదులుకోవడం నేర్చుకో అంటాడు. వేదాంతం బాగానే ఉంది. కానీ నిద్రపట్టని మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పే మాటేనా అది?

అదే కుర్రాణ్ణి దేశాధినేత, ఛాన్సలర్ పాల్పటీన్, నాటకానికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఒక కథ చెప్తాడు. వెనకటికి ఒక సిత్ ప్రభువు ఉండేవాడట (సిత్ అంటే జెడైలకు బద్ధ శత్రువులు). తన వాళ్లను చావు నుంచి కాపాడే విద్య తెలుసట. చివరికి నిద్రలో ఉండగా శిష్యుడే చంపేశాడట. ఇతరులను కాపాడాడు, తనను కాపాడుకోలేకపోయాడు, ఎంత విచిత్రం చూడు అంటాడు. ఈ విద్య నేర్చుకోవచ్చా అని కుర్రాడు అడుగుతాడు. మీ జెడైల దగ్గర మాత్రం దొరకదు అని జవాబు.

అంతే. కత్తి లేదు, పరుగు లేదు. రెండు కుర్చీలు, ఒక ముసలాయన గొంతు, వెనక నాభి నుంచి వచ్చే మంద్రమైన హమ్మింగ్. పాల్పటీన్‌గా ఇయాన్ మెక్‌డయార్మిడ్ ముఖం గమనించండి. ‘చంపేశాడు’ అనేటప్పుడు పెదవి చివర చిన్న సంబరం కదిలి మాయమవుతుంది. ఆ శిష్యుడు ఎవరో ఆయన చెప్పడు. మనకు చెప్పక్కర్లేదు.

చాలామంది ఈయన్ను శకుని అంటారు. నాకు అలా అనిపించదు. శకుని పాచికల్లో మోసం చేశాడు. ఈయన మోసం చెయ్యాల్సిన అవసరమే రాలేదు. కుర్రాడి భయం ఎక్కడుందో కనుక్కుని, దాని పక్కన కుర్చీ వేసుకున్నాడు.

[తెర: గుడి మెట్లు. నీలం కత్తి వెలుగు. కుర్చీల వెనక దాక్కున్న పిల్లలు]

ఇప్పుడు బోర్లా పడిన చోటు. పాల్పటీనే అసలు శత్రువని తెలిసిపోతుంది. జెడై పెద్ద మేస్ విండు అతణ్ణి చంపబోతాడు. అనాకిన్ అడ్డం వచ్చి విండు చెయ్యి నరికేస్తాడు, పాల్పటీన్ విండును కిటికీలోంచి తోసేస్తాడు. ఎంత పని చేశాను అని అనాకిన్ కుప్పకూలతాడు. బాగుంది. కానీ నిమిషం తిరక్కుండానే మోకాళ్ల మీద కూర్చుని, మీ శిష్యుణ్ణి అవుతాను అంటాడు. ఆ వెంటనే జెడైల గుళ్లో విద్య నేర్చుకునే చిన్నపిల్లల్ని చంపడానికి బయల్దేరతాడు. భార్యను కాపాడుకోవాలన్న భయం నుంచి పసిపిల్లల మీద కత్తి దాకా ఎంత దూరం! అలిపిరిలో మొదటి మెట్టు మీద ఉన్నవాణ్ణి కన్నుమూసి తెరిచేలోగా కొండ మీద చూపించినట్టు ఉంటుంది. మధ్యలో మెట్లేవి?

అయినా ఆ పిల్లల సీను ఒళ్లు జలదరించేలా చేస్తుంది. ఒక పసివాడు బయటికొచ్చి, వాళ్లు చాలామంది ఉన్నారు, మేమేం చెయ్యాలి అని ఇతణ్ణే అడుగుతాడు. కత్తి వెలుగుతుంది. కట్. అశ్వత్థామ ఉపపాండవుల గుడారంలోకి దూరే రాత్రి హరికథ దాసుగారు కూడా ఇక్కడే ఆపేస్తారు. చిడతలు ఆపి, నీళ్లు తాగుతారు. లోపల ఏం జరిగిందో చెప్పరు.

మాటల గురించి ఎక్కువ చెప్పను. ప్రేమ సీన్లలో డైలాగులు చెవికి గరుగ్గా తగులుతాయి. హేడెన్ క్రిస్టెన్‌సెన్‌ను ఏళ్ల తరబడి తిట్టారు గానీ, మౌనంగా ఉన్న చోట అతని కళ్లు చూడండి. సంధ్యవేళ అతనొక చోట, పాడ్మే ఇంకో చోట, నగరం మీదుగా ఒకరి వైపు ఒకరు చూస్తూ ఉంటారు. ఒక్క మాట లేదు. మొత్తం సినిమాలో వాళ్ల ప్రేమ నాకు నిజమనిపించింది అక్కడొక్కచోటే.

పాడ్మే చావు మాత్రం నాకు కొరుకుడు పడదు. ఒంట్లో ఏ లోపమూ లేదు, బతకాలన్న కోరిక పోయింది అంటాడు వైద్యం చేసే రోబో. అప్పుడే పుట్టిన కవలలు పక్కన ఏడుస్తుంటే! పైగా 1983 సినిమాలో కూతురు లీయా, అమ్మ నాకు కొంచెం గుర్తుంది అంటుంది. పుట్టిన నిమిషంలో పోయిన తల్లి ఎలా గుర్తుంటుంది?

దగ్గే జనరల్ గ్రీవస్, బల్లి మీద సవారీ, వూకీలనే బొచ్చు జీవుల యుద్ధం బొమ్మల షాపుకు పనికొచ్చే సరుకు. దాటేద్దాం.

[తెర: లావా నది. రెండు నీలం కత్తులు]

ఇక క్లైమాక్స్. లావా గ్రహం మీద గురుశిష్యుల పోరు. ఈ లావా అంతా కంప్యూటర్ బొమ్మే అనుకునేవాణ్ణి. కాదు. 2002లో ఇటలీలో ఎట్నా అగ్నిపర్వతం పేలినప్పుడు తీసిన నిజం షాట్లు ఇందులో కలిపారు. కొన్ని షాట్లకు పెద్ద సెట్టు నమూనా కట్టి, మిథైల్ సెల్యులోజ్ పారించి కింద నుంచి లైట్లు వేశారు. అంటే ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి కలుపుతారే, ఆ సరుకు. గంజిలా పారే దాన్ని చూసి మనం చెమటలు పట్టించుకున్నామన్నమాట. రెండు వేలకు పైగా గ్రాఫిక్స్ షాట్లున్న ఈ సినిమాకు ఆస్కార్‌లో గ్రాఫిక్స్ నామినేషన్ రాలేదు. వచ్చిన ఒకే ఒక్క నామినేషన్ మేకప్‌కు.

కత్తియుద్ధం కొంచెం సాగింది, ఒప్పుకుంటాను. కానీ ముగింపు? ఓబీ-వాన్ గట్టు మీద నిలబడి వద్దురా అంటాడు. శిష్యుడు ఎగురుతాడు. ఒక్క వేటుకు రెండు కాళ్లూ, ఎడమ చెయ్యీ పోతాయి. మా మట్టి దుర్యోధనుడి తొడ దగ్గర ఎర్రనీళ్ల కుండ పగిలినప్పుడు జనంలో ఒక శబ్దం వస్తుంది. కేక కాదు, చప్పట్లు కాదు. గెలవాల్సినవాడే గెలిచాడు గానీ చూడలేకపోతున్నాం అనే శబ్దం. గెలిచిన ఓబీ-వాన్ ముఖంలో అదే ఉంది. నువ్వు నా తమ్ముడివిరా అని ఏడుస్తాడు. చంపడు, కాపాడడు. కింద పడిన కత్తి తీసుకుని వెళ్లిపోతాడు. 1977లో ల్యూక్ చేతికి ఇచ్చే కత్తి అదే.

తర్వాత ముసుగు. ఒక పక్క కవలలు పుడుతుంటారు, ఇంకో పక్క వేడర్ పుడుతుంటాడు. ముసుగు దిగడం ఒక షాట్‌లో లోపలి నుంచి చూపిస్తారు, మన కళ్ల మీదికే దిగుతుంది. నిశ్శబ్దం. తర్వాత ఆ ఊపిరి. పాడ్మే ఎలా ఉంది అని అడుగుతాడు. నీ కోపంలో నువ్వే చంపేశావు అంటాడు పాల్పటీన్. ధర్మరాజు ‘కుంజరః’ అని గొణిగినట్టు, నిజానికీ అబద్ధానికీ నడుమ పడే మాట. ఇక్కడితో ఆపితే ఎంత బాగుండేది! కట్లు తెంచుకుని ‘నో’ అని అరిపించారు. ఇరవై ఏళ్లుగా జనం ఆ అరుపును మీమ్స్ చేసి నవ్వుకుంటున్నారు. తప్పు నవ్వే వాళ్లది కాదు.

[తెర: విమానాల మెట్ట. ఇద్దరు మనుషులు, వెనక సైనికులు]

నా మనసులో మిగిలిన సీను ఇవేవీ కావు. సినిమా మధ్యలో, ఓబీ-వాన్ వేరే గ్రహానికి యుద్ధానికి వెళ్తుంటాడు. అనాకిన్ సాగనంపడానికి వస్తాడు. నేను పొగరుగా ప్రవర్తించాను, మిమ్మల్ని నిరాశపరిచాను, క్షమించండి అంటాడు. ఓబీ-వాన్ నవ్వి, చిన్న పిల్లాడివప్పటి నుంచి పెంచాను, నిన్ను చూస్తే గర్వంగా ఉంది అంటాడు. వెళ్లొస్తాను మిత్రమా అని మెట్ట దిగి నడుస్తాడు. అంతే, నిమిషం కూడా ఉండదు. మళ్లీ వాళ్లిద్దరూ ఎదురుపడేది ఆ లావా గట్టు మీదే.

ఆ రోజు హాస్టల్లో అన్న ఈ ముక్కను ఫార్వర్డ్ కొట్టేశాడు. "ఇక్కడేం లేదులేరా, మాటలే" అన్నాడు.