కీమో తర్వాత పేగులో ఏం జరుగుతుంది

శ్రోతలందరికీ నమస్కారం. ఇంట్లో ఎవరైనా కీమో తీసుకుంటుంటే మీరు చూసే ఉంటారు, మందు ఎక్కించిన కొన్ని రోజులకి నోరు పూస్తుంది, ఏం తిన్నా విరేచనాలవుతాయి, మందు పడట్లేదేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. వేగంగా విభజన చెందే కణాల్ని దెబ్బతీయడమే చాలా కీమో మందుల పని. క్యాన్సర్ కణాలే కాదు, పేగు లోపలి పొరలో కణాలూ ఆ బాపతే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన మెథోట్రెక్సేట్ అనే కీమో మందుతోనూ ఈ ఇబ్బంది ఉంటుంది.

ఆ పొర మందం ఒకే ఒక్క కణం! తిండిలోని సారాన్ని లోపలికి తీసుకోవాల్సిందీ అదే, సూక్ష్మజీవుల్ని బయటే ఆపాల్సిందీ అదే. అందుకే ఏ జబ్బూ లేనప్పుడు కూడా 3 నుంచి 5 రోజుల్లో దాదాపు మొత్తం కొత్తదైపోతుంది. పొరలో సన్నటి గుంతలుంటాయి, వాటి అడుగున ఉండే మూలకణాలు విడిపోతూ కొత్తవాటిని పైకి పంపుతుంటే, పైకొసకి చేరిన పాతవి రాలిపోతుంటాయి. 2007లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో హాన్స్ క్లేవర్స్ బృందం కణాల మీద ఉండే ఎల్‌జీఆర్5 అనే ప్రోటీన్ గుర్తు సాయంతో ఈ మూలకణాలు ఏవో తేల్చింది.

మరి దెబ్బకి అవే చచ్చిపోతే? 2011లో అమెరికాలోని జెనెన్‌టెక్ అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు ఎలుకల్లో వాటిని పనిగట్టుకుని చంపి చూశారు. పొర దాదాపు మామూలుగానే నిలబడింది. ఎలాగంటే, ఫలానా పనికని సిద్ధమవుతూ పైకి బయల్దేరిన పిల్లకణాలు కొన్ని ఆ పని మానేసి మళ్లీ మూలకణాలుగా మారగలవని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. నాకైతే ఈ సంగతి చదివినప్పుడల్లా ఆశ్చర్యమే, ఎందుకంటే ఒకసారి దారి తీసుకున్న కణం ఇక వెనక్కి రాదనే చాలాకాలం అనుకున్నారు.

పుండు పడినచోట ఇంకా తొందర. విభజన దాకా ఆగకుండా, అంచునున్న కణాలు పల్చగా సాగి కొన్ని గంటల్లోనే ఖాళీని కప్పడం మొదలుపెడతాయి, కొత్త కణాలు తర్వాత వస్తాయి. కీమోని మధ్యలో విరామమిస్తూ సైకిల్స్‌గా ఇచ్చేది రక్తకణాలతో పాటు వీటికీ కోలుకునే టైమ్ దొరకాలనే.

చిక్కేమిటంటే, పోయిన మూలకణాల్ని మళ్లీ పుట్టించుకునే ఈ విద్య క్యాన్సర్‌కీ వచ్చు. 2017లో జెనెన్‌టెక్ వాళ్లే ఎలుకల్లో పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లోని ఎల్‌జీఆర్5 గుర్తున్న కణాల్ని చంపారు. గడ్డ పెరుగుదల తగ్గింది గానీ కరగలేదు, చంపడం ఆపగానే మిగతా కణాల నుంచి అవి మళ్లీ పుట్టుకొచ్చాయి.