కొత్త సైట్‌ గూగుల్‌లో ఎందుకు కనిపించదు?

[స్క్రీన్‌: వర్డ్‌ప్రెస్‌ సెట్టింగ్స్‌, రీడింగ్‌ పేజీ]

పోచంపల్లి చీరలు అమ్మే కొత్త సైట్‌ ఉందనుకోండి. నెల దాటినా గూగుల్‌లో జాడ లేదు. లింకుల సంగతి తర్వాత, ముందు తలుపు తీసి ఉందో లేదో చూడండి. సైట్‌ని వర్డ్‌ప్రెస్‌ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టి ఉంటే, సెర్చ్‌ ఇంజిన్లను రావద్దనే టిక్‌ బాక్స్‌ ఇక్కడే ఉంటుంది. సైట్‌ కట్టేటప్పుడు పెట్టిన టిక్‌ తీయడం మరిచిపోతే, ప్రతి పేజీలోనూ నోఇండెక్స్‌, అంటే 'ఈ పేజీని ఫలితాల్లో చూపించొద్దు' అనే సూచన, ఉండిపోతుంది.

తర్వాత గూగుల్‌ ఉచితంగా ఇచ్చే సెర్చ్‌ కన్సోల్‌లో డొమైన్‌ (సైట్‌ పేరు) చేర్చి, అది ఇచ్చే టీఎక్స్‌టీ రికార్డు అనే చిన్న కోడ్‌ని డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్‌ సెట్టింగ్స్‌లో, పెట్టి సైట్‌ మీదేనని వెరిఫై చేయండి. సైట్‌మ్యాప్‌, అంటే మీ పేజీల అడ్రసుల జాబితా, ఇవ్వండి. ఒక్క ఫైల్లో 50,000 యూఆర్‌ఎల్‌ల దాకా పడతాయి. సైట్‌మ్యాప్‌ దారి చూపిస్తుంది, ర్యాంకు ఇవ్వదు.

[స్క్రీన్‌: పేజెస్‌ రిపోర్టు]

'డిస్కవర్డ్‌, కరెంట్లీ నాట్‌ ఇండెక్స్‌డ్‌' అంటే గూగుల్‌కి అడ్రసు తెలుసు, ఇంకా రాలేదు. 'క్రాల్డ్‌, కరెంట్లీ నాట్‌ ఇండెక్స్‌డ్‌' అని ఉంటే మాత్రం వచ్చింది, చూసింది, పక్కన పెట్టింది. నలభై చీరలకీ ఒకే వర్ణన అతికిస్తే ఇలా జరగొచ్చు. పేజీని చేర్చమని గూగుల్‌ని అడిగే 'రిక్వెస్ట్‌ ఇండెక్సింగ్‌' బటన్‌ మళ్లీ మళ్లీ నొక్కి లాభం లేదు, పేజీని మార్చాలి.

[క్లోజప్‌: చీర అంచు తిరగేసి చూపిస్తూ]

పోచంపల్లి చీరల నేత పద్ధతి ఇక్కత్‌. ఇందులో ముందు నూలుకి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే వెనకవైపూ డిజైను అంతే స్పష్టంగా ఉంటుంది. ప్రింటు చీర వెనక సాధారణంగా వెలిసినట్టుంటుంది. ఈ తేడాని సొంత ఫొటోలతో వివరించే పేజీ ఒక్కటి రాయండి. చేనేత గురించి రాసేవాళ్లు లింకు ఇచ్చేది అలాంటి పేజీకే, ధరల పట్టికకి కాదు.

లింకుకి విలువ ఎందుకు? 1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్‌, సెర్గీ బ్రిన్‌ వివరించిన పేజ్‌ర్యాంక్‌లో లింకు ఒక ఓటు లాంటిది. ఓటు వేసిన పేజీకి ఎంత పేరుంటే దానికి అంత బరువు. కామెంట్లలో పెట్టే లింకులకి 2005 నుంచే నోఫాలో, అంటే 'దీన్ని ఓటుగా లెక్కపెట్టొద్దు' అనే గుర్తు, తగిలిస్తున్నారు కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. కొన్న లింకుల మీద 2012లో గూగుల్‌ తెచ్చిన పెంగ్విన్‌ అప్‌డేట్‌ గట్టి దెబ్బే కొట్టింది. 'డీఏ 50 ఉన్న వంద లింకులు' అంటూ ప్యాకేజీలు అమ్ముతారు. డీఏ (డొమైన్‌ అథారిటీ) అనేది మాజ్‌ కంపెనీ సైట్‌ బలానికి వేసే అంచనా, గూగుల్‌ దాన్ని వాడదు. ఆ డబ్బు ఫొటోలకి పెట్టండి.

హోమ్‌ పేజీ నుంచి ఆ ఇక్కత్‌ పేజీకి మీరే లింకు ఇవ్వండి. 'ఇక్కడ నొక్కండి' అని కాదు, 'అసలు ఇక్కత్‌ గుర్తుపట్టడం ఎలా' అని రాయండి.

[స్క్రీన్‌: పెర్ఫార్మెన్స్‌ రిపోర్టు]

క్లిక్కుల కంటే ముందు ఇంప్రెషన్లు, అంటే ఫలితాల్లో మీ పేజీ ఎన్నిసార్లు కనిపించిందనే లెక్క, కదులుతాయి. జనం వెతికిన పదాల్లో మీ సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్నవి చూడండి. అవి పేజీ శీర్షికలో లేకపోతే, ముందు శీర్షిక సరిచేయండి.