ఇరవై ఏళ్లు దాటిన మూడు గ్రీన్ ఇళ్లు: కాపురానికి ఎంతవరకు పనికొచ్చాయి?

నమస్తే. ఫోన్ రివ్యూ చేయడం తేలిక. వారం వాడితే దాని బండారం బయటపడుతుంది. ఇల్లు అలా కాదు. తాళాలు చేతికొచ్చిన రోజున ప్రతి ఇల్లూ ముద్దొస్తుంది. పిల్లలు అందులో పాకి, గోడల నిండా గీతలు గీసి, పెద్దయి గది తలుపేసుకునే వయసొచ్చాక, పెద్దవాళ్లకి మెట్లు బరువయ్యాక, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. అందుకే మొన్న కట్టిన గ్రీన్ విల్లాల టూర్లు ఇక్కడ పెట్టను. ఈ రోజు చూసే మూడూ ఇరవై ఏళ్లు దాటినవే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను వీటిలో కాపురం ఉండలేదు. ప్లాన్లు, కొలతలు, అచ్చయిన నివేదికలు చూసి మాట్లాడుతున్నాను. మార్కులు మాత్రం నావే, తిట్టాలనిపిస్తే నన్నే తిట్టండి.

మొదటిది జర్మనీలో, డార్మ్‌స్టాట్ ఊరి క్రానిక్‌స్టైన్ పేటలో ఉంది. 1991లో నాలుగు కుటుంబాలు దిగిన వరస ఇళ్లు. పాసివ్ హౌస్ అనే మాట వింటుంటారు కదా, అంటే హీటరు పెద్దగా అక్కర్లేకుండానే వెచ్చగా ఉండే ఇల్లు, దానికి మొదటి ఇల్లు ఇదే. భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ దీని వెనక ఉన్నాడు. ఊరికే లెక్కలేసి ఊరుకోలేదు, పెళ్లాం పిల్లలతో అందులోనే కాపురం పెట్టాడు. నాకు ఈ సంగతి భలే నచ్చింది. డిజైన్ చేసినవాడు అందులో ఉంటే సగం తప్పులు వాటంతటవే దొరుకుతాయి.

ఏముంది ఆ ఇంట్లో? పైకి చూస్తే ఏమీ లేదు. అంతా గోడలో ఉంది. ఇటుక గోడకి బయటివైపు 27.5 సెంటీమీటర్ల థర్మోకోల్, అంటే జానెడు పైనే. పైకప్పులో 45 సెంటీమీటర్ల ఇన్సులేషన్, అంటే వేడిని దాటనివ్వని పొర. కిటికీలకి మూడు పొరల అద్దం. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే వెంటిలేషన్ ఒకటి. పాసివ్ హౌస్ ప్రమాణం ప్రకారం వేడి కోసం చదరపు మీటరుకి ఏడాదికి 15 యూనిట్లు దాటకూడదు. గోడల్లో తడి ఆరని మొదటి ఏడాదిని పక్కన పెడితే ఈ ఇళ్లు దాదాపు 10 దగ్గరే నిలిచాయి. ఇంకోలా చెప్తాను. ఇలాంటి ఇల్లు 150 చదరపు మీటర్లుంటే, బాగా చలిగా ఉన్న రోజున కూడా దానికి కావాల్సిన హీటర్ 1500 వాట్లు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరంత! మనిషి ఊరికే కూర్చున్నా ఓ 100 వాట్ల వేడి ఇస్తాడు, కాబట్టి సాయంత్రం నలుగురూ ఇల్లు చేరితే వాళ్లే ఓ చిన్న హీటరు.

ఈ ఇళ్లలో కిటికీలు తీయకూడదట కదా అని కామెంట్లలో అడుగుతుంటారు. ఎవరు పుట్టించారో గానీ అది ఉత్త మాట. నిక్షేపంగా తీసుకోవచ్చు. అసలు చిక్కులు వేరే ఉన్నాయి. గాలి చొరబడనంత బిగువైన ఇంట్లో గదులన్నీ ఒకే వేడిలో ఉంటాయి. పడకగది చల్లగా, హాలు వెచ్చగా కావాలంటే కష్టం. ఒకరికి దుప్పటి కావాలి, పక్కనే ఉన్నవాళ్లకి ఉక్క. రెండోది చప్పుడు. బయటి హోరు లోపలికి రాదు, దాంతో ఇంట్లో మోతలన్నీ పెద్దగా వినిపిస్తాయి. పక్కగదిలో పిల్లవాడు వయొలిన్ మొదలెట్టాడనుకోండి, ఇక మీ ఇష్టం. గదుల మధ్య గోడల మీద కూడా కాస్త ఖర్చు పెట్టాలని ఎవరూ ముందు చెప్పరు. వెంటిలేషన్ ఫిల్టర్ మార్చడం ఇంటి పనుల్లో ఇంకొకటి. అయినా పదికి ఎనిమిది.

రెండోది దక్షిణ లండన్‌లో ఉన్న బెడ్‌జెడ్. ఇది 2002లో పూర్తయిన కాలనీ, దాదాపు 100 ఇళ్లు. ఆర్కిటెక్ట్ బిల్ డన్‌స్టర్. ఇంటిపైన రంగురంగుల కోడిపుంజుల్లా గాలికి తిరిగే గొట్టాలుంటాయి, ఫోటోల్లో చూసే ఉంటారు. కరెంటు లేకుండా గాలి మార్చేవి అవే.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ వీడియో చేయడానికి కారణమే ఈ ఇల్లు. కట్టినప్పుడు ఇందులో చాలా పెట్టారు. 30 సెంటీమీటర్ల ఇన్సులేషన్, దక్షిణం వైపు అద్దాల వరండా, చెక్క పేళ్లతో కరెంటూ వేడీ పుట్టించే ప్లాంటు, వాడిన నీళ్లని మొక్కలతో శుద్ధి చేసే ఏర్పాటు. ఇప్పుడు వీటిలో ఏవి నిలిచాయో చూడండి. చెక్క పేళ్ల ప్లాంటు సతాయించింది, కొన్నేళ్లకే ఆపేసి గ్యాస్ బాయిలర్లు పెట్టుకున్నారు. నీళ్ల శుద్ధి ఏర్పాటుకి చాకిరీ ఎక్కువై దాన్నీ వదిలేశారు. గోడల్లోని ఇన్సులేషన్ సంగతి? దాన్ని ఆపరేట్ చేయడానికి ఎవరూ అక్కర్లేదు కాబట్టి అది తన పని తాను చేసుకుపోతోంది.

అద్దాల వరండా కథ ఇంకా సరదా. కాగితం మీద అది ఇంటికీ బయటికీ మధ్య దుప్పటి లాంటిది. చలి రాత్రి మధ్య తలుపులు మూసేయాలి, ఎండలో కిటికీలు తెరవాలి. కానీ కాపురమన్నాక ఖాళీ జాగా ఖాళీగా ఉంటుందా? అదీ ఇంట్లో ఇంకో గదైపోయింది. ఎండాకాలం ఉడికిపోతోందని ఫిర్యాదులూ వచ్చాయి. ఉన్నవాళ్ల తప్పంటారా? నేననను. రోజుకి నాలుగుసార్లు తలుపులు తీసి మూస్తేనే పనిచేసే ఇల్లు, ఒళ్లో పసిబిడ్డ ఉన్న మనిషి కోసం గీసింది కాదు. పైన సూర్యుడికి అడ్డంగా ఒక చూరు గట్టిగా దించితే ఆ పని ఎవరి చెయ్యీ లేకుండా జరిగిపోయేది.

ఒక్క విషయంలో మాత్రం ఈ కాలనీకి దండం పెట్టాలి. ఇక్కడ ఉంటున్నవాళ్లకి సగటున 20 మంది ఇరుగుపొరుగు పేర్లు తెలుసని, చుట్టుపక్కల ప్రాంతంలో అది 8 మాత్రమేనని సర్వేలో తేలింది. కార్లని పక్కకి నెట్టి, నడిచే దారుల మీదకి గుమ్మాలు తెరిచారు. బడి నుంచి వచ్చే పిల్లాడి మీద నలుగురి కన్ను ఉంటుందంటే, సోలార్ ప్యానెల్ కంటే అదేం తక్కువ సౌకర్యం కాదు. పదికి ఆరు. గోడలకీ గుమ్మాలకీ వేసిన మార్కులే అవన్నీ.

మూడోది చూస్తే ఇది గ్రీన్ ఇల్లేమిటి అంటారు. చిలీ దేశంలో ఇకీకే నగరంలోని కింటా మన్రాయ్, 2004. ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా, ఆయన జట్టు ఎలిమెంటల్. ముప్పై ఏళ్లుగా ఆ జాగాలోనే గుడిసెలేసుకుని ఉన్న దాదాపు 100 కుటుంబాలు. ప్రభుత్వ సాయంతో అందరికీ నిండు ఇల్లు రాదు, ఊరవతలికి పొమ్మంటే పనులు పోతాయి. అందుకని సగం ఇల్లే కట్టారు. కానీ ఏ సగం? కుటుంబం సొంతంగా కట్టుకోలేని సగం: స్నానాలగది, వంటగది, మెట్లు, ఇంటికీ ఇంటికీ మధ్య గోడ. పక్కన అంతే ఖాళీ వదిలారు. మొదట 36 చదరపు మీటర్లు, కలుపుకుంటే 70 దాకా వస్తుంది.

ముందు కుటుంబాల్ని కూర్చోబెట్టి అడిగారు కూడా. డబ్బు ఒక్కదానికే సరిపోతుంది, వేడినీళ్ల హీటరా, స్నానపు తొట్టా? అంతా తొట్టే అన్నారట. మొదట్లో గ్యాసుకి డబ్బెక్కడిది, హీటరేం చేసుకోను అని వాళ్ల లెక్క. బల్ల ముందు కూర్చున్న నిపుణుడైతే హీటరే రాసేవాడు. కలుపుకున్న భాగాల్లో ఇన్సులేషన్ మీద అదుపు లేదు, మధ్యగదికి వెలుతురు తగ్గే ప్రమాదమూ ఉంది. అయినా ఏడున్నర, ఎందుకంటే కుటుంబం పెరిగితే ఇల్లు కూల్చక్కర్లేదు. కూల్చని ఇంటికి మళ్లీ సిమెంటూ ఇనుమూ పుట్టించే పనిలేదు కదా. 2016లో ఆ జట్టు ఇలాంటి నాలుగు డిజైన్ల డ్రాయింగులు ఉచితంగా ఇచ్చేసింది.

మీ చేతిలో ఇప్పుడు ప్లాన్ ఉంటే ఒక్క పని చేయండి. రెండు రంగుల పెన్నులు తీసుకోండి. తర్వాత మార్చలేనివి, అంటే ఇల్లు తిరిగిన దిక్కు, పైకప్పు, కిటికీల చోటు, పైపులు వెళ్లే దారి, ఒక రంగు. తర్వాత మారేవి, అంటే పిల్లల గది రెండయ్యేది, కింది గది పెద్దవాళ్ల పడకగది అయ్యేది, ఇంకో రంగు. రెండో రంగు గోడల్లో ఒక్కటైనా బరువు మోసే గోడ ఉంటే ఇంజినీరుకి ఇవాళే ఫోన్ చేయండి. స్లాబ్ పడ్డాక చేస్తే ఆయన కూడా సారీ అనే అంటాడు.