ఓడ దిగిన డిటెక్టివ్ కావాలి

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం ‘మద్రాసు తెలుగు డిటెక్టివ్ నవల’. ఈ నగరంలో రాసి, ఇక్కడే అచ్చువేసిన ఆ నవలలతోనే నా బాల్యం గడిచింది. వాటిలో చనిపోయేది జమీందారో, మిల్లు యజమానో, సినిమా తారో. మద్రాసు రేవులో ట్రంకుపెట్టెతో ఓడ దిగిన మనిషిని దోచుకున్నదెవరో కనిపెట్టే డిటెక్టివ్ మాత్రం నాకు ఎక్కడా తారసపడలేదు. ఈ సాయంత్రం ఆయన గురించే మాట్లాడతాను.

మాది రంగం, అంటే రంగూన్ నుంచి వచ్చిన కుటుంబం. బర్మాలో 1962లో నె విన్ సైనిక పాలన మొదలైంది. తర్వాత దుకాణాలను జాతీయం చేశారు. 1964లో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. ఓడ ఎక్కేవాళ్ల దగ్గర బంగారం మిగలనివ్వలేదు. కొందరు విశాఖ వెళ్లారు, అక్కడ బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. మేము వ్యాసర్పాడిలో స్థిరపడ్డాం. తర్వాత బీచ్ స్టేషన్ ఎదుట బర్మా బజారు వెలిసింది.

మా పెద్ద మామయ్య రంగూన్‌లో పోలీసు స్టేషన్ రైటరు. ప్రపంచంలో తొలి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో పెట్టారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కనుక ఆ విద్య రంగూన్‌కూ చేరింది, మామయ్యకూ అబ్బింది. ఇక్కడ ఆయనకు ఉద్యోగం లేదు, హోదా లేదు. ఒకరోజు మా వీధిలోని ఒక వితంతువుకు నోటీసు వచ్చింది. పునరావాసం కింద చిన్న వ్యాపారానికి తీసుకున్న అప్పు కట్టమని. ఆవిడ చేతికి ఒక్క రూపాయి అందలేదు. మామయ్య పట్టుబట్టి ఆఫీసులో దరఖాస్తు తీయించి చూశాడు. ఆవిడ ఎడమ బొటనవేలికి కత్తిపీట తెగిన మచ్చ అడ్డంగా ఉండేది. కాగితం మీది ముద్రలో మచ్చ లేదు, సుడి నిండుగా ఉంది. అదే సుడి మరి కొందరి దరఖాస్తుల మీదా కనిపించింది. ఒక దళారి, లోపల ఒక గుమాస్తా కలిసి నడిపిన పని అది.

స్టేషన్‌కు వెళ్తే ముందు మామయ్య కాగితాలు చూపించమన్నారు. ఆ రాత్రే ఆవిడ వచ్చి, “అన్నయ్యా, వదిలెయ్యి, నా రేషన్ కార్డు తీసేస్తారు” అని ఏడ్చింది. కేసు కట్టలేదు. నోటీసులు మాత్రం ఆగిపోయాయి.

ఆ ఏడుపు ముందు కూర్చోగలిగిన డిటెక్టివ్ మనకు కావాలి. బాధితురాలే దర్యాప్తు ఆపమంటే ఎందుకంటోందో వెంటనే అర్థమయ్యేవాడు, తానూ ఊరు పోగొట్టుకున్నవాడు. మామయ్య బదులు ఇక్కడి పెద్ద వకీలు వెళ్లి ఉంటే ఆవిడ తలుపే తీసేది కాదు!

మాలో చాలామందికి పౌరసత్వమైనా ఉంది. 1983లో తమిళులపై జరిగిన అల్లర్ల తర్వాత శ్రీలంక నుంచి ఇక్కడికి చేరినవాళ్లకు అదీ లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. అయినా రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ విదేశీయులకూ వర్తిస్తుందని 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి శరణు కోరి వచ్చిన చక్మాల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. తీర్పులున్నాయి. వాటిని నమ్మి స్టేషన్ మెట్లు ఎక్కే ధైర్యం ఆ మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? కూలి ఎగ్గొట్టినవాడికీ, అద్దె ఇంట్లోంచి సామాను విసిరేసినవాడికీ ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వీళ్లనే ఎంచుకుంటారు.

నవల నిర్మాణం గురించి చెప్పాలని తెచ్చుకున్న కాగితాలు పక్కన పెడుతున్నాను. వెనుక వరుసల్లో కూర్చున్న పిల్లలూ, మీరు రాయండి. హత్యే అక్కర్లేదు, ఒక దొంగ వేలిముద్ర చాలు. నిర్వాహకులు వచ్చే ఏడు కథల పోటీ ఈ విషయం మీదే పెట్టాలని కోరుతున్నాను. మీ ఇళ్లలో రంగం నుంచి వచ్చిన పెద్దలు, వాళ్లు దాచుకున్న నోటీసులు, ఓడ టిక్కెట్లు ఉంటే సభ అయ్యాక నాతో చెప్పండి. నేనే మీ ఇంటికి వచ్చి రాసుకుంటాను.