పాత చెక్క నేలలో అతుకు తెలియకుండా పలకలు కలపడం

నమస్తే అండీ. ముందు ఈ గది మధ్యలోకి చూడండి. ఒకప్పుడు ఇక్కడ అడ్డగోడ ఉండేది. దాన్ని పడగొట్టాక, గోడ ఉన్నంత మేర జానెడు వెడల్పున నేల లేకుండా పోయింది. ఎవరో అందులో ప్లైవుడ్ ముక్కలు కొట్టి, పైన ముదురు రంగు పూసేశారు. చుట్టూ ఇంత మంచి ఓక్ నేల ఉంది, అయినా గుమ్మంలో నిలబడితే కన్ను నేరుగా ఆ పట్టీ మీదికే పోతోంది. ఇలాంటివి చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఈ రోజు దాన్ని తీసేసి, పాత నేలలో కలిసిపోయేలా పలకలు వేద్దాం.

రంగు కలిస్తే చాలనుకుంటారు చాలామంది. కాదండీ, రంగు ఆఖరి పని. ముందు చెక్క జాతి కలవాలి, రంపంతో కోసిన తీరు కలవాలి, వెడల్పు కలవాలి. ఇవి కుదరకపోతే ఎంత మంచి స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) పూసినా అతుకు అతుకులాగే కనిపిస్తుంది.

జాతి ఎలా తెలుసుకోవాలి? పలక చివర పదునైన బ్లేడుతో నున్నగా చెక్కి, కాస్త తడి చేసి, భూతద్దంలో చూడండి. ఓక్ అయితే చెట్టు పెరుగుదల వలయాల వెంట రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. ఎర్ర ఓకా, తెల్ల ఓకా అన్నది తేల్చడానికి నాకిష్టమైన పద్ధతి ఒకటుంది. ఇదిగో, బెత్తెడు ముక్క. ఒక చివర సబ్బు నీళ్లలో ముంచి, రెండో చివర నుంచి గట్టిగా ఊదుతున్నాను. చూశారా, బుడగలు! ఇది ఎర్ర ఓక్. దీని రంధ్రాలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా తెరిచే ఉంటాయి. తెల్ల ఓక్ చేవలో అవి మూసుకుపోయి ఉంటాయి కాబట్టి గాలి దూరదు.

ఇక కోత. ఈ పలక మీద చారలు కొండ శిఖరాల్లా పైకి లేస్తున్నాయి, ఇది దుంగను ఒక వైపు నుంచి వరుసగా పలకలుగా కోసిన చెక్క. ఆ పక్క గదిలో చారలు గీత గీసినట్టు నిటారుగా ఉన్నాయి, అది దుంగను నాలుగు భాగాలు చేసి కోసింది. ఒకదాని పక్కన ఇంకొకటి వేయకండి. మీ ఇంట్లోది పైన్ అయితే వలయాలు ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా చూడాలి. అడవిలో నిదానంగా పెరిగిన పాత చెట్టులో అవి ఒత్తుగా ఉంటాయి, తోటల్లో త్వరగా పెంచిన చెట్టులో ఎడంగా ఉంటాయి. ఆ తేడాను ఏ రంగూ దాచలేదు.

మరి అలాంటి చెక్క ఎక్కడ దొరుకుతుంది? మీ ఇంట్లోనే. మెట్ల కింద, గోడ అల్మారాల అడుగున చూడండి. ఎవరికీ కనపడని ఆ చోటి పలకలు ఇక్కడికి తెచ్చి, కొత్తవి అక్కడ వేసేయండి. నేను ఈ పనికి అల్మారాలోంచే పన్నెండు పలకలు తీశాను. తీసేటప్పుడు మొదటి పలకను త్యాగం చేయక తప్పదు. దాని మందానికి సరిపడా రంపం లోతు పెట్టి, నిలువునా రెండు కోతలు కోసి, మధ్య ముక్కను ఉలితో లేపేయండి. మిగతావి సులువుగా వస్తాయి. మేకుల్ని పైనుంచి కొట్టకుండా, వెనక వైపు నుంచి పట్కారుతో లాగేయండి. అప్పుడు ముఖం మీద పెచ్చు లేవదు.

బయటి నుంచి తెచ్చిన చెక్క అయితే వెంటనే వేయకండి. అదే గదిలో ఉంచి, తేమ మీటరుతో కొలవండి. పలకకూ కింది చెక్కకూ తేమ తేడా 3 అంగుళాల లోపు వెడల్పు పలకలకు 4 శాతం, 3 అంగుళాలు, అంతకు మించిన వాటికి 2 శాతం దాటకూడదు. ఈ మాట పట్టించుకోకపోతే కొన్నాళ్లకు పలకల మధ్య సందులు పడొచ్చు.

ఇప్పుడు అసలు పని. అతుకు చతురస్రంగా ఉంటే ఇట్టే పట్టేస్తారు. అందుకే గోడ గీత దగ్గరే ఆగకుండా, పాత పలకల్ని వెనక్కి కోసుకుంటూ వెళ్లాలి. ఒకటి పొడుగ్గా, దాని పక్కది పొట్టిగా, పక్కపక్క చివరల మధ్య కనీసం 6 అంగుళాలు తేడా ఉండాలి. రెండు చేతుల వేళ్లు పెనవేసుకున్నట్టు పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. ఇక్కడ తొందర పడకండి, రోజంతా పట్టినా సరే. ఈ పలకలకు ఒక అంచున నాలుక, రెండో అంచున గాడి ఉంటాయి, ఒకదాని నాలుక పక్కదాని గాడిలో దూరుతుంది. ఆఖరి పలక మాత్రం పక్క నుంచి దూరదు. దాని గాడి కింది పెదవిని కోసేసి, పైనుంచి దించి, జిగురు పెట్టి మేకు కొట్టండి. పాత నేల ఇప్పటికే అరిగి ఉంటుంది కాబట్టి కొత్త పలక వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా ఫరవాలేదు, చిత్రికతో దించవచ్చు. లోతుగా మాత్రం ఉండకూడదు.

నున్న చేసే ముందు ఒక హెచ్చరిక. పాత పెయింట్ ఉంటే అందులో సీసం ఉండొచ్చు, పాత టైల్స్‌లోనూ వాటి కింది నల్ల జిగురులోనూ ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా మిషన్ పెట్టకండి. పాత పూత ఏదో కూడా తెలుసుకోండి. మూలన ఆల్కహాల్ చుక్క వేస్తే జిగటగా కరిగేది లక్క. టర్పెంటైన్ గుడ్డతో రుద్దితే పసుపు మరక అంటితే మైనం. మైనం ఉన్న చోట పాలీయురెథేన్ (ప్లాస్టిక్ లాంటి వార్నిష్) అంటుకోదు.

ఈ గది మొత్తం మిషన్‌తో గీకించమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గీకిన ప్రతిసారీ చెక్క తగ్గుతుంది, గాడి మీద మిగిలింది కొన్ని మిల్లీమీటర్లే. అతుకూ దాని చుట్టూ 60, 80, 100 నంబర్ల శాండ్‌పేపర్‌తో సరిచేస్తాను. పాత దాని మీదా కొత్త దాని మీదా ఒకే నంబరుతో ఆపండి, గరుకుగా ఉన్నది రంగును ఎక్కువ తాగుతుంది.

ఇదిగో, పాత మేకు చుట్టూ నల్లటి వలయం. ఓక్‌లో సహజంగా ఉండే వగరు పదార్థం టానిన్‌తో ఇనుము కలిసి వచ్చిన మరక ఇది. కొత్త మేకు చుట్టూ కూడా అదే తెప్పించుకోవచ్చు. స్టీల్ ఉన్నిని వెనిగర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టి, ఆ నీటిని సన్నటి కుంచెతో ఇలా ఒక్క చుక్క. కొద్ది నిమిషాల్లో నల్లబడుతుంది. స్టెయిన్ కూడా ముందు మిగిలిన ముక్క మీద వేసి, ఆరాక పగటి వెలుగులో చూడండి. ఒక పిసరు లేతగానే వదిలేయండి, వెలుతురు తగిలి ఓక్ ఇంకా ముదురుతుంది.

చివరగా అవిసె నూనె పూత. పని అయ్యాక నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే నిప్పంటుకోవచ్చు. ఆరుబయట ఒక్కొక్కటీ పరిచి ఆరేయండి. నేను ఇవి తీగ మీద వేసి వస్తాను, పూత ఆరాక రెండోది వేద్దాం.